సున్నాకు గది

మాలతి స్క్రీన్ మీదికి వంగి, కింది పెదవిని పళ్లతో నొక్కిపట్టి, ప్రోగ్రాములో మరో ఫంక్షన్‌ను తిరగరాస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డులో చెప్పుల దుకాణం పైన ఆ ఆఫీసు. మెట్రో వెళ్లినప్పుడల్లా కిటికీ అద్దం అదురుతుంది. నలభై దాటిన మనిషి. మౌస్ పట్టి పట్టి కుడి భుజం కిందికి జారింది, వేళ్ల కణుపులు ఉబ్బాయి.

కాలేజీ పిల్లలు ప్రోగ్రాములు నేర్చుకోవడానికి ఆ కంపెనీ ఒక చిన్న భాషను అమ్ముతుంది. వాళ్లు రాసినదాన్ని చదివి నడిపించే ఇంటర్‌ప్రెటర్‌ను యజమాని చక్రపాణి కుర్రతనంలో తనే రాశాడు. అది ఒక్క సున్నాకు కూడా మెమరీలో విడిగా గది కట్టి, ఆ గది చిరునామా చేతికిస్తుంది. అవును, కాదు అన్నవాటికీ గదులే. కాలేజీల్లోని పాత కంప్యూటర్లు ఆ గదులు కట్టలేక, కూల్చలేక నిలిచిపోయేవి. ఫోన్‌లో తిట్లు తినేది మాలతి.

ఈ వేసవంతా కూర్చుని ఆమె ఆ పద్ధతి మార్చింది. ఇప్పుడు చిన్న అంకెలకు గదుల్లేవు. చిరునామా ఉండే చోటే అంకె ఉంటుంది. ఏది అంకో, ఏది చిరునామో చివరి బిట్, అంటే కొసన ఉన్నది ఒకటో సున్నానో, చూసి తెలుసుకోవాలి. చూడకుండా అంకెను చిరునామా అనుకుంటే అంతా కూలిపోతుంది. అలా చూడని చోటు ఒక్కటే మిగిలింది, భాగహారం. "మిగతాది మార్చుకోండి, అది మాత్రం నేను ముచ్చటపడి రాసిందండీ, ముట్టుకోకండి" అన్నాడు చక్రపాణి.

ఇప్పుడొచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"మాలతి గారూ, చైతన్యపురి కాలేజీలో ఈ కొత్తది ఇవాళే పెట్టేద్దామండీ. ప్రిన్సిపాల్ గారు చూస్తారట."

"అప్పుడే వద్దు సార్. భాగహారం ఇంకా పాత తీరుగనే ఉన్నది. పిల్లలు జర భాగించిన్రంటే పడిపోతది."

"మీకు ప్రతిదానికీ భయమేనండీ."

మాలతి తల తిప్పుకుని మళ్లీ పనిలో పడింది. కొత్తగా చేరిన అభిలాష్‌ను మీటింగులో ముందు కూర్చోబెట్టి తనను చాయ్ చెప్పమన్నప్పుడూ అంతే. తండ్రి వెంకటనర్సయ్య దవాఖానలో ఉన్నాడని సెలవడిగితే చక్రపాణి ముఖం చిట్లించినప్పుడూ అంతే. పోచంపల్లి మగ్గం వదిలి ఎల్‌బీ నగర్ చీరల దుకాణంలో రోజంతా నిలబడి ఆమెను చదివించిన తండ్రి, "ఎవరితోని లొల్లి పెట్టుకోకు బిడ్డా" అనేవాడు. ఆమె పెట్టుకోలేదు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఎత్తగానే, కొత్తది పెట్టడానికి కాలేజీకి వెళ్లిన చక్రపాణి గొంతు, ఆమెతో కాదు, ప్రిన్సిపాల్‌తో: "ఇదిగో, ఆవిడే లైన్‌లో ఉన్నారండీ. పని పూర్తిచేయకుండానే ఇచ్చేశారు. చెప్తే వినరు." స్పీకర్ పెట్టాడు. ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ పడిపోయాయి. వెనక పిల్లల నవ్వులు.

మాలతి చెవులు భగ్గుమన్నాయి.

"పొద్దుగాల వద్దన్న కద సార్! ముట్టుకోవద్దన్నది మీరే, పెట్టింది మీరే. గిప్పుడు నా మీదికి నూకుతున్రా?"

నవ్వులు ఆగిపోయాయి.

"తర్వాత మాట్లాడదామండీ..."

"తర్వాత లేదు."

ఫోన్ పెట్టేసి చక్రపాణి రాసిన భాగహారం ఫైలు తెరిచింది. కీబోర్డును పొడిచినట్టు కొట్టింది. కోపానికి కళ్లు మసకబారుతుంటే కొంగుతో తుడుచుకుని మళ్లీ కొట్టింది. భాగహారంలోకి వచ్చే ప్రతి విలువకూ చివరి బిట్ చూసేలా రాసి, పరీక్షలన్నీ నడిపింది. ఒక్కటీ తప్పలేదు.

"పంపాలా మేడం?" అన్నాడు అభిలాష్.

"పంపు. పిల్లలేం పాపం చేసిన్రు."

కాసేపటికి కాలేజీ నుంచి అతనికి ఫోన్ వచ్చింది. పాత కంప్యూటర్లు కూడా ఆగకుండా నడుస్తున్నాయట. ఫోన్‌లో వెనక నుంచి చక్రపాణి గొంతు మాలతికీ వినిపించింది: "చూశారా, నేను కూర్చుని సరిచేయించానండీ."

మాలతి బ్యాగు తగిలించుకుంది. మెడలోని ఐడీ కార్డు తీసి అభిలాష్ చేతిలో పెట్టింది.

"సార్‌కియ్యి. రేపటి సంది రాను."

"అదేంటి మేడం, ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా?"

"అందుకే పోతున్న. సగంల ఇడిస్తే నాకే మనసున పట్టదు."

మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు కింది దుకాణం గోలలో కలిసిపోయింది. అభిలాష్ ఆమె కంప్యూటర్ కట్టేయడానికి వెళ్లాడు. మౌస్ పక్కన స్టీలు గ్లాసులో సగం తాగిన చాయ్ మీద మీగడ కట్టింది. గ్లాసు అంచు కింద, గిన్నెల దుకాణంవాడు చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు: మాలతి.