ఆరేసిన దుప్పట్లు

పొద్దున్నే ఆ ఇంట్లో అందరికీ పనే, ఒక్కడికి తప్ప. కోడలు నీళ్లు మోస్తుంది, అత్తగారు గిన్నెలు తోముతుంది, పసిది తన బూట్లు తనే వెతుక్కుంటుంది. చిత్రకారుడు మాత్రం రెండు చేతులూ చాచి కూర్చుంటాడు, తల్లి వచ్చి నూనె రాయాలి కదా. కళాకారుడి చేయి చీపురు ముట్టకూడదనీ నీళ్లలో నానకూడదనీ ఆవిడ నమ్మకం. ఆ చేతులు మీగడలా ఉండేవి. వేసే బొమ్మలూ అంతే, నున్నగా, చప్పగా.

ఆ ఊళ్లో మంచి బొమ్మంటే పనిచేసే బొమ్మ. మంగలి షాపు గోడ మీది పిల్లి ఎలుకల్ని రానివ్వదు. బడి వరండా గోడ మీద వేసిన వాన బొమ్మ కింద రోజూ బకెట్ పెడతారు, మొక్కలకు పనికొస్తుందని. ఇతని నదుల కింద మాత్రం ఏనాడూ నేల తడవలేదు.

కోడలు ఆసుపత్రిలో నర్సు. సూది కంటే నాలుకే ముందు దిగుతుందని రోగులు పెట్టిన పేరు సూదిమందు. జ్వరాల వార్డుకు కిటికీల్లేవు. గోడ మీద చల్లటి బొమ్మ వేయించాలని పెద్ద డాక్టరు అనుకుంటే, మొగుణ్ణి వెంటబెట్టుకెళ్లింది ఆమే. అతను కొండలూ జలపాతమూ వేశాడు. వార్డులో చెమట ఆరలేదు.

"మీవారు జలపాతానికి కుళాయి విప్పడం మరిచిపోయారేమోనమ్మా," అన్నాడు ఓ ముసలి రోగి.

"దాని మీద సున్నం కొట్టిస్తున్నా. ఇంకొక్కసారి వేయమనండి," అన్నాడు పెద్ద డాక్టరు. "కుదరకపోతే వేరేవాళ్లని పిలుస్తాను."

కుదరకపోతే కుంచెలు అటకెక్కించి, ఆమె తమ్ముడి షాపులో రంగుడబ్బాలు అమ్ముకోవాలని ఇంట్లో ముందే తేల్చేశారు.

ఆ వారమే సూదిమందు మెట్ల మీద జారింది. కుడిచేతికి కట్టు పడింది. పనంతా మీద పడేసరికి అత్తగారికి నడుం పట్టేసింది.

"మరి గిన్నెలెవరు తోముతారు?" అన్నాడు చిత్రకారుడు, నిజంగానే తెలియక.

"మీ జలపాతం కింద పెట్టండి, వాటంతటవే కడుక్కుంటాయి."

"వాడి చేతులు పాడైపోతాయే అమ్మాయ్," అని మంచం మీంచి మూలిగింది అత్తగారు.

"విరిగిన చేయే అతుక్కుంటోందత్తయ్యా. తడిసిన చేయి ఆరదా?"

పసిది పక్క తడిపింది. తడిసిన దుప్పటికి అంత బరువుంటుందని అతను ఎరగడు. మేడ మీద ఓ కొస అతను పట్టుకుంటే రెండోది ఆమె ఎడమచేత్తో పట్టింది. ఆమె ఎటు తిప్పితే అతనూ అటే తిప్పాడు. దుప్పటి దొర్లిందే గానీ చుక్క రాల్లేదు.

"ఎదురు తిప్పాలి మహానుభావా. నాకు రోజూ ఎదురు తిరుగుతారుగా, అలాగే."

ఆరేశాక గాలి లేచి దుప్పటి అతని మొహాన్ని ఈడ్చి కొట్టింది. అతను పక్కకు జరగలేదు. కళ్లు మూసుకుని, రెండో దెబ్బ కోసం అక్కడే నిలబడ్డాడు. ఆమె ఎడమచేత్తో తాడు మీద ఓ క్లిప్పు వంకరగా పెట్టింది.

రోజూ అదే పని. సబ్బుకి అతని వేళ్లు పగిలాయి.

వార్డు గోడ సున్నం ఆరాక అతను కొండలు వేయలేదు. బరువుకి నడుమ కుంగిన తాడు, దాని నిండా దుప్పట్లు, అంచున రాలబోతున్న చుక్క, ఎడమచేత్తో పెట్టినట్టు వంకరగా ఓ క్లిప్పు వేశాడు.

పెద్ద డాక్టరు మొహం చిట్లించాడు. "ఆసుపత్రిలో దుప్పట్లేమిటయ్యా? ఉన్నవి చాలవా?"

గోడ మీది దుప్పటి ఉబ్బింది. సబ్బు వాసనతో చల్లగాలి మంచాల వరస వెంట నడిచివెళ్లింది. డాక్టరు జుట్టు సర్దుకున్నాడు.

"కప్పుకోడానికేమన్నా ఇవ్వమ్మా," అన్నాడు ముసలాయన.

పిల్లల వార్డు గోడ కూడా ఇతనికే ఇచ్చారు. షాపులో ఆమె తమ్ముడు వేరే మనిషిని పెట్టుకున్నాడు.

కట్టు విప్పిన మర్నాడు సూదిమందు చీర కొంగు బొడ్లో దోపుకుని గిన్నెల దగ్గరికొచ్చింది. అక్కడ అతను ముందే కూర్చుని ఉన్నాడు.

"నా చేయి బాగైంది. లేవండి."

"నీ చేయి సంగతి కాదు," అన్నాడు తలెత్తకుండా, మూకుడు అడుగు రుద్దుతూ. "పిల్లలకేం వేయాలో ఇంకా తెలియడం లేదు. నన్ను కదపకు."

ఆసుపత్రిలో ఇంకా ఎన్ని గోడలు ఖాళీగా ఉన్నాయో మనసులో చూసుకుని, ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.