గార్మన్ బీడు మీదుగా

బురదలో దిగబడిన బూటును రెండు చేతులా పట్టి పైకి లాక్కుని ఎలునెడ్ మళ్ళీ నడక సాగించింది. వేల్స్ కొండల్లో కాలిబాటలు సర్వే చేసే జిల్లా ఉద్యోగం ఆమెది. ఒకరి సొంత భూముల్లోంచి పోయినా జనానికి నడిచే హక్కున్న బాటలవి. ఎక్కడ గేటుంది, ఎక్కడ కంచె అడ్డం పడింది, ముసలివాళ్ళు దాటగలరా లేదా అన్నది చూసి పటంలో గుర్తు పెట్టాలి. పొట్టి మనిషి. గాలికి కందిపోయిన బుగ్గలు, ఎడమ మోకాలికి పట్టీ. పొద్దుటి నుంచి ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. చలి అనుకుంది.

చర్చికి పోయే బాట గార్మన్ గొర్రెల బీడు మీదుగా పోతుంది. అక్కడ కొత్తగా ముళ్ళతీగ బిగించి ఉంది. గార్మన్, ఆమె ఒకే బడిలో చదివారు. ఆ బాటన వచ్చిన ఎవరివో కుక్కలు తరిమితే అతని చూలు గొర్రెలు నెలలు నిండకుండానే ఈచుకుపోయాయి. ఆ కోపం తప్పని ఆమె ఎన్నడూ అనలేదు. కానీ ఈ కంచె వల్ల ముసలి మాబ్లి లారీలు తిరిగే రోడ్డు వెంట పోయి మొగుడి సమాధి చూసుకుని వస్తోంది.

తీగ కత్తిరించే అధికారం ఎలునెడ్‌కు ఉంది. కటింగ్ ప్లయర్ సంచిలోనే ఉంది. తీయలేదు. గార్మన్ ఇంట్లోంచి వచ్చేదాకా వానలో రాయి మీద కూర్చుంది.

"కత్తిరించి పోరాదా? ఈ కూర్చోడమేంటి?" అన్నాడతను.

"నేను కత్తిరిస్తే రేపు మళ్ళీ కడతావు. నువ్వే తియ్యి."

"సర్లే, ఎక్కి దిగడానికి మెట్లేస్తా."

"మాబ్లి మెట్లెక్కుద్దా? గేటు పెట్టరా. కుక్కల్ని తాడేసి పట్టుకోమని బోర్డు నేను రాయిస్తా."

బడిలోనూ ఇంతే మొండిదానివని సణుగుతూ గార్మన్ తీగ కోశాడు. కొట్టంలోంచి పాత గేటొకటి మోసుకొచ్చాడు. అతను గుంజ పాతుతుంటే ఆమె కదలకుండా పట్టుకుంది. గేటు నిలబడ్డాక తీసి, మూసి, ఒంటిచేత్తో మళ్ళీ తీసి చూసుకుని, అప్పుడు పటంలో గుర్తు పెట్టింది.

ఇంటికి పోయి, టీకి నీళ్ళు పొయ్యి మీద పెట్టి, కుర్చీలో వాలింది. గిన్నె మాడిన వాసనకు పక్కింటివాళ్ళు తలుపు తోసి వచ్చేసరికి ప్రాణం లేదు.

శవపేటికను రోడ్డు మీదుగా కారులో తీసుకుపోదామనుకున్నారు. గార్మన్ వచ్చి వద్దన్నాడు.

"మా బీడు మీదుగానే పోదాం."

గేటు దగ్గర తానూ ఒక భుజం పట్టడానికి టోపీ తీసి గుంజకు తగిలించాడు. అందరి వెనకా మాబ్లి కర్ర పొడుచుకుంటూ మెల్లగా దాటింది. వాళ్ళు చర్చి చేరి పాట ఎత్తుకున్నాక కూడా ఆ టోపీ అక్కడే, సన్నటి జల్లులో తడుస్తూ ఉంది.