మీరంటే ఎంతమంది

నాది ఫొటోలకి ఫ్రేములు కట్టే దుకాణం. మనుషులు ఏ వయసులో ఏమవుతారో అందులో కూర్చుంటే ఇట్టే తెలిసిపోతుంది. మా తరంవాళ్ళు ఇరవై ఏళ్ళప్పుడు ఊళ్ళో గోడలన్నీ నినాదాలతో నింపేశారు. యాభై దాటాక, సొంత గోడల మీద సన్మాన పత్రాలు ఎక్కడ తగిలించాలా అని కొలతలు పట్టుకుని నా దగ్గరికొస్తున్నారు. "బంగారు రంగు అంచు వెయ్యి, కాస్త వెడల్పుగా ఉండాలి," అంటారు. వేస్తాను. వేస్తూ తిట్టుకుంటాను.

అందరికంటే వెడల్పు అంచు అడిగేవాడు నిప్పు. చదువుకునే రోజుల్లో మా గుంపుకి నాయకుడు వాడే. ఇప్పుడు అదే కాలేజీకి చైర్మన్. అప్పట్లో మేం అమ్మానాన్నలు పెట్టిన పేర్లు అవతల పారేసి మారుపేర్లు పెట్టుకున్నాం. గోడల మీద రాసేదాన్ని కాబట్టి నేను బ్రష్షు. గొంతు పెద్దది కాబట్టి ఇంకొకడు మైకు. వాడిప్పుడు లాయరు, నిప్పు కాలేజీకి సలహాలు చెబుతుంటాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. మావాడిలో నిప్పు ఎప్పుడో ఆరింది, పొగ మాత్రం వస్తూనే ఉంది.

మా గుంపుకి ఒకటే చట్టం. ఎవరూ ఎవరినీ 'మీరు' అనకూడదు. ప్రిన్సిపాలైనా, పోలీసైనా, గది ఊడ్చే మనిషైనా అందరికీ ఒకే 'నువ్వు'. ఎవరైనా నోరు జారి మీరు అంటే, విన్నవాడు మెడ తిప్పి తన వెనక చూసేవాడు. "మీరంటే ఎంతమంది? నేనొక్కడినేగా ఉన్నాను, నా వెనక ఇంకెవరున్నారు?" అని అడిగేవాడు. ఆ వేళాకోళం కనిపెట్టింది నిప్పే. స్టేషన్లో పెదవి చిట్లి చొక్కా మీద రక్తం కారుతున్నా ఇన్‌స్పెక్టర్‌ని నువ్వు అనే అన్నాడు. అది గొప్పలకి చెప్పుకునే కబురు కాదు, పక్కనే నిలబడి కళ్ళారా చూశాను. అందుకే నాకింత కోపం. మొదట్నించీ డొల్లమనిషే అయ్యుంటే నవ్వుకుని ఊరుకునేదాన్ని.

మా అమ్మాయి ఆ చట్టంలోనే పుట్టి పెరిగింది. బళ్ళో కొత్తగా నేర్చుకొచ్చిన మర్యాద కొద్దీ "మీరు ఎప్పుడొచ్చారు మామయ్యా?" అని అడిగితే, నిప్పు లేచి కుర్చీ వెనకా తలుపు వెనకా ఇంకో మామయ్య కోసం వెతికేవాడు. ఆఖరికి మంచం కింద కూడా దూరేవాడు. అది పొట్ట పట్టుకుని నవ్వేది. దాని నోట్లోంచి మీరు అనే మాట పీకేసింది వాడే.

ఇప్పుడది వాడి కాలేజీలోనే ఆఖరి సంవత్సరం చదువుతోంది. దుకాణం వెనక మాకున్నది ఒకే గది, అద్దాలు కోసే చప్పుడులో చదువు సాగదని హాస్టల్లో చేర్పించాను. లైబ్రరీ ఎనిమిదింటిదాకా తెరిచే ఉంటుంది, ఆడపిల్లల హాస్టల్ గేటు మాత్రం ఆరింటికే మూసేస్తారు. ఆ సంగతి అడగడానికి పోయిన వారం మీటింగులో మా అమ్మాయి లేచి నిలబడింది. వేదిక మీదున్న చైర్మన్‌ని, "నువ్వు చదువుకునేటప్పుడు ఈ గేటు ఎన్నింటికి వేసేవాళ్ళు?" అని అడిగింది.

దానికి జవాబు ఊరందరికీ తెలుసు. ఆ గేటుని బందుల్లోంచి ఊడబెరికి గడ్డిలో పారేసిందే వాడు. ఒక కొస వాడు పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకున్నాను.

కానీ గేటు మాట ఎవరికీ చెవికెక్కలేదు, 'నువ్వు' ఒక్కటే ఎక్కింది. కమిటీ ముందు మీరు అని క్షమాపణ చెప్పకపోతే హాల్ టికెట్ ఇవ్వం అన్నారు. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. నన్ను కూడా తీసుకుని రమ్మన్నారు.

కమిటీ అంటే ఎవరో అనుకున్నాను. నిప్పూ, మైకూ. చైర్మన్ గదిలో వాళ్ళ వెనక గోడ నిండా నేను కట్టిన ఫ్రేములే. నన్ను కుర్చీలో కూర్చోమని, పిల్లని నిలబెట్టారు.

"చూడమ్మా," అని మొదలుపెట్టాడు నిప్పు. నన్ను అమ్మా అన్నాడు. వరసలో నిలబడ్డ ముసలమ్మని పక్కకి జరగమనడానికి గుమాస్తాలు పిలిచే పిలుపది. "విషయం చిన్నది. అందరి ముందూ నన్ను నువ్వు అంది. ఇక్కడ 'మీరు నన్ను క్షమించండి' అనేస్తే అయిపోతుంది. గేటు గురించి ఇక్కడ మాట్లాడక్కర్లేదు."

"అది అడిగిందే గేటు గురించి కదరా."

"సంస్థ అన్నాక ఒక పద్ధతంటూ ఉంటుంది కదా," అన్నాడు మైకు. ఒకప్పుడు నాలుగు వీధుల అవతలికి వినిపించిన గొంతు, ఇప్పుడు ఏసీ చప్పుడుని కూడా దాటలేకపోతోంది.

"లాకప్పులో నీ పెదవి చిట్లినప్పుడు ఎక్కడికి పోయింది ఈ పద్ధతి?" అని నిప్పునే అడిగాను.

"అప్పుడు కుర్రాళ్ళం. మనకేం తెలుసని?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమీ తెలియనివాడివి చలిలో వణుకుతున్న నా చేత అన్ని గోడలెందుకు రాయించావురా అని అడిగేదాన్నే. వాడు నా నోరు లేవనివ్వలేదు.

"ఆరు దాటాక బయట ఏ పిల్లకేం జరిగినా, వాళ్ళ అమ్మానాన్నలొచ్చి పట్టుకునేది నా చొక్కానే. నీ కూతురికే జరిగితే నువ్వు పట్టుకోవా?" అన్నాడు.

నిజమే, పట్టుకుంటాను. అది ఒప్పుకోవాల్సి వచ్చేసరికి కోపం ఇంకా పెరిగింది.

"లైబ్రరీ నుంచి హాస్టల్‌కి దారిలో రెండు దీపాలు పెట్టించు," అంది నా వెనక నుంచి మా అమ్మాయి. "గేటు ఎనిమిదింటిదాకా తెరిచి ఉంచు. అప్పుడు మీరు అంటాను. చేతులు కట్టుకుని మరీ అంటాను. నాకు కావలసింది గేటు. మాటదేముంది, ఎలా కావాలంటే అలా పిలుస్తాను."

నాకు చివుక్కుమంది. మేం దెబ్బలు తిని కాపాడుకున్న మాటని ఇది బేరంలో కొసరు కింద ఇచ్చేస్తానంటోంది. కానీ తప్పు పట్టలేకపోయాను. మేం ఆ మాట పట్టుకుని వేలాడుతుంటే, ఊడబెరికిన గేటు ఎప్పుడో మళ్ళీ వచ్చి బందుల్లో కూర్చుంది. మాలో ఒక్కళ్ళమూ చూసుకోలేదు.

"ఇది బేరాలాడే చోటు కాదు," అన్నాడు నిప్పు. నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు దానికి. ఏడాది చదువు గంగలో కలుస్తుంది," అన్నాడు.

అప్పుడు గమనించాను. వాడు నన్నింకా నువ్వు అంటూనే ఉన్నాడు, కానీ అది మా పాత నువ్వు కాదు. పనిమనిషికి పని పురమాయించే నువ్వు. చట్టంలో సగం వాడి దగ్గర అలాగే ఉంది, వాడికి పనికొచ్చే సగం.

"చైర్మన్ గారూ," అన్నాను. "మీకు కావలసింది ఒక మాటే కదా, మా అమ్మాయి బదులు నేనిస్తాను. మీరు పెద్దవారు. మీరు గొప్పవారు. మీరు దయచేసి మా పిల్లకి హాల్ టికెట్ ఇప్పించండి."

మైకు ఠక్కున మెడ తిప్పి నిప్పు కుర్చీ వెనక చూశాడు. పాత అలవాటు, పాపం. అక్కడ ఫ్రేములు తప్ప ఎవరూ లేరు. చూశాక సిగ్గుపడి తల దించుకున్నాడు.

నిప్పు ముఖం కందిపోయింది. "నువ్వు నన్నలా అనకు," అన్నాడు.

"ఎందుకనకూడదండీ?"

"నీ నోటి వెంట బాగాలేదు."

"మీకు బాగుండాలనే కదండీ ఇంత దూరం పిలిపించారు."

వాడి చెయ్యి పెదవి మీది పాత మచ్చ మీదకి వెళ్ళింది. దాన్ని తడుముకుంటూ కాసేపు నన్నే చూశాడు. ఆ కాసేపూ నాకు ఆశ పుట్టింది, ఎందుకు దాచాలి. ఒసే బ్రష్షూ, నోర్ముయ్యవే అని ఒక్క తిట్టు తిట్టినా చాలు, అన్నీ మర్చిపోయి వాడితో టీ తాగి వచ్చేదాన్ని.

వాడు చెయ్యి కిందికి దించి బల్ల మీదున్న బెల్ నొక్కాడు. ప్యూను వచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు.

"హాల్ టికెట్ ఇవ్వడం కుదరదు," అన్నాడు నిప్పు, కాగితాలు సర్దుకుంటూ. "వచ్చే ఏడాది రాసుకోవచ్చు. ఇక మీరు వెళ్ళొచ్చు."

ఇన్నేళ్ళ స్నేహంలో వాడు నన్ను మీరు అనడం అదే మొదటిసారి. నా మెడ నా ప్రమేయం లేకుండానే వెనక్కి తిరిగింది.

నా వెనక మా అమ్మాయి నిలబడి ఉంది. నా కుర్చీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. కళ్ళు నిండిపోయాయి, ఏడుపు మాత్రం బయటికి రానివ్వడం లేదు.

"సరిగ్గానే అన్నాడమ్మా," అంది. "ఇద్దరం ఉన్నాంగా. పద."

బయటికొచ్చాం. నేను వాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతూ నడుస్తున్నాను. హాస్టల్ దగ్గరికొచ్చాక అది ఆగి, ముక్కు తుడుచుకుని, కింది నుంచి పై దాకా గేటుని చూసింది.

"చాలా బరువుంటుందా అమ్మా?" అని అడిగింది.

"ఇద్దరుంటే చాలు," అన్నాను.