కొండమిరప నూనె

రుద్రవరంలో లూదియా నూనె ఎరగని మోకాలు లేదు. నల్లమల అంచున పిట్టలు రాల్చిన గింజలకు దానంతటదే మొలిచే కొండమిరపతో చేసేదది. వడ్లగింజ కంటే కాస్త పెద్ద కాయ. దాన్ని ఆముదంలో కాచి వడకట్టేది. రాస్తూ "మండుతాందా?" అని అడగడమే ఆమె కొలత. అవునన్న మరుక్షణం చెయ్యి తీసేసేది. ముప్ఫై ఏళ్లలో ఆ కొలత ఒక్కసారీ తప్పలేదు. అందుకే డాక్టర్లంటే ఆమెకు కాస్త చిన్నచూపు.

తమ్ముడు ప్రభాకర్ ఆళ్లగడ్డలో టీచరుగా పని చేసి రిటైరయ్యాడు. పదిహేనేళ్ల నుంచి షుగరు. అరికాలు తిమ్మిరెక్కుతోందని అక్క దగ్గరికి వచ్చాడు.

"మండుతాందా?"

"ఏం ల్యాక్కా."

మర్నాడూ అదే జవాబు. నూనెలో పస తగ్గిందనుకుంది లూదియా. రెండింతల కాయలు వేసి మళ్లీ కాచింది, ఇంకాసేపు రుద్దింది, గుడ్డ కట్టింది. తమ్ముడు హాయిగా నిద్రపోతుంటే చూసి మురిసిపోయింది కూడా. నాలుగోరోజు గుడ్డ విప్పితే దాంతోపాటు తోలూ ఊడొచ్చింది. అప్పుడూ అతను తీరిగ్గా పేపరు చదువుకుంటూనే ఉన్నాడు.

నంద్యాల ఆసుపత్రిలో డాక్టరు సూదితో పాదమంతా గుచ్చి చూశాడు. ప్రభాకర్ ఉలకలేదు. షుగరు వల్ల ఆ పాదానికి స్పర్శ పోయిందని, మంట పుట్టినా తెలియదని డాక్టరు చెప్పాడు. చీము పైకెక్కితే కాలు తీసేయాలి, రెండు రోజులు చూద్దామన్నాడు.

మర్నాడు రుద్రవరం నుంచి చర్చివాళ్లు చూడ్డానికి వచ్చారు. వాళ్లు అడక్కముందే ప్రభాకర్ చెప్పేశాడు.

"వేన్నీళ్లు మీద పడినాయి."

తన ముప్ఫై ఏళ్ల పేరు నిలబడిందని లూదియాకు లోపలెక్కడో ఊరట కలిగింది. ఆ ఊరటకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ప్రార్థన అయ్యాక, వచ్చినవాళ్లలో గోడలు కట్టే బేల్దారి రాజరత్నం లూదియా దగ్గరికొచ్చాడు. "అక్కా, ఊరికొచ్చినాక నాకింత నూనె ఇయ్యి. ఈ మధ్య అరికాళ్లు మొద్దుబారినట్టుండాయి."

ప్రభాకర్ కళ్లతోనే వద్దన్నాడు. లూదియా చూసి కూడా ఆగలేదు.

"వేన్నీళ్లు కాదప్పా. నా నూనెకే వాని కాలు కాలింది. నువ్వు ముందు డాక్టరుకు చూపించుకో."

రాజరత్నం చెప్పు విడిచి, తన పాదం తనే గిల్లి చూసుకున్నాడు. కాసేపాగి, ఈసారి గట్టిగా గిల్లాడు.