సముద్రాన్ని కలిపే గరిటె

"బుడగ పగలగొట్టండి!"

ఆ కేకతో బల్లేలన్నీ సుకుమారి వైపు తిరిగాయి. సముద్రం అడుగున ఆమె ప్రాణమంతా తలచుట్టూ ఉన్న గాలి బుడగలోనే ఉంది. అది పగిలితే ఉదయగిరి కొయ్య గరిటెలు చెక్కడానికి ఇంకో మనిషిని వెతుక్కోవాల్సిందే.

ఎడమవైపు మొప్పలవాళ్ళు. వాళ్ళు పాడితే నీటి ప్రవాహం దారి మార్చుకుంటుంది. కుడివైపు గవ్వలవాళ్ళు. వాళ్ళు చిటికేస్తే చీకట్లో వెలుగు పూస్తుంది. ఇద్దరికీ తాతల నాటి పగ. ఉమ్మడి ఆస్తి ఒక్కటే, మంత్రపు గరిటె. రోజుకొకరు దాంతో సముద్రాన్ని కలిపితేనే అలలు పుడతాయి. ఆ గరిటె మాయమైంది. అలలు ఆగిపోయాయి.

పాతది అరిగిపోతే దాన్ని చెక్కిచ్చింది సుకుమారే. ఆత్మకూరు దగ్గర పెన్నలో కాళ్ళు కడుక్కుంటున్న ఆమెకు బుడగ తగిలించి ఇక్కడికి ఈడ్చుకొచ్చింది తాబేలు కామయ్య. రెండు జాతులకూ ఆయనే పెద్దమనిషి.

"చేసినోళ్ళకే గదా దాని విలువ తెలిసేది. ఈమే కాజేసినాది," అన్నాడాయన మెడ సాచి.

"నీ డిప్ప పగల! ఈతే రానిదాన్ని, ఇంత లోతుకొచ్చి ఎట్ట దొంగిలిస్తా?" సుకుమారి రెండు జాతుల రాణుల వైపు తిరిగింది. "అమ్మా, గరిటె చివరికి ఎవురి దగ్గర ఉండె?"

"నేనిచ్చేసినానని ఆమెకు చెప్పు కామయ్యా," అంది మొప్పల రాణి.

"నాకు అందలేదని ఆమెకు చెప్పు కామయ్యా," అంది గవ్వల రాణి.

"అదేంది, పక్కపక్కనే ఉండారు గదా!"

"శత్రువుతో మాట్లాడం. మొహం కూడా చూడం. గరిటె కూడా వీపులు తిప్పుకునే ఇస్తాం," అంది మొప్పల రాణి గర్వంగా.

గాలి తగ్గి బుడగ ముక్కుదాకా కుంచించుకుపోయింది. అయినా సుకుమారికి నవ్వొచ్చింది. మాటల్లేని అన్నదమ్ముల మధ్య తిరుగుతూ రెండిళ్ళలోనూ కోడికూర తినే పెద్దమనుషుల్ని ఆమె ఊళ్ళో చూడలేదా?

"వీపులు తిప్పుకోనే చెప్పండి. మొప్పలక్కా, గరిటె ఇచ్చేటప్పుడు చెయ్యి తగిలిందా?"

"తగిలింది. గరుగ్గా, ముడతలు ముడతలుగా. గవ్వలోళ్ళ చేతులు అంతే గదా అనుకున్నా."

గవ్వల రాణికి పౌరుషం ముంచుకొచ్చింది. ఆచారం మరిచి నేరుగా అరిచింది. "నా చెయ్యి ముత్యంకంటే నున్నగుంటాది! నేను చెయ్యి సాపి నిలబడితే, ఈ పొద్దు ఇవ్వం పొమ్మని కబురంపితివే!"

"నేనా? మీ పిల్లను మా వోడికిస్తారా అని గదా అడగమన్నా!"

"పెళ్ళా? యుద్ధమని చెప్పినాడే!"

బల్లేలు దిగిపోయాయి. వియ్యమందుకుంటే వీళ్ళు నేరుగా మాట్లాడుకుంటారు. ఆ పైన పెద్దమనిషికి పూటకో ఇంట్లో రొయ్యల విందు ఎవరు పెడతారు?

"మీ ఇద్దరి వీపుల మధ్య నిలబడింది ఎవురు? కబుర్లు మోసింది ఎవురు?" సుకుమారి ఆఖరి గాలి పీల్చి అడిగింది.

రాణులిద్దరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. మెల్లగా డిప్పలోకి జారుకుంటున్న తలకాయ కేసి చెరో వేలు చూపించారు.

"కామయ్య!"