పైగది తెర

బందరు దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న పాత లైటుహౌసులో దీపం వెలిగించేవాడు నాగుల్ మీరా. స్వరాజ్యం వచ్చిన మరుసటేడు, దాన్ని పడగొట్టి ఇనుప స్తంభం నిలబెడతారని కబురొచ్చింది. ఉంచాలంటే దాని పుట్టుపూర్వోత్తరాలు కాగితం మీద చూపించమన్నారు ఇంజనీరుగారు. ఉన్నది ఒక్కటే, మీరా తాత తెలుగులో రాసిపెట్టుకున్న పుస్తకం. ఏ ఉప్పెనకు నీళ్లు ఏ మెట్టుదాకా వచ్చాయో, ఏ పడవలు ఈ వెలుగు చూసి గట్టెక్కాయో అంతా అందులోనే ఉంది.

ఇంజనీరు వచ్చే రోజు పొద్దున్నే మీరా ఆ పుస్తకాన్ని పైగదిలో దీపం పక్కన పెట్టి, ఆయనకు ఎదురెళ్లాడు.

భార్య ఫక్రున్నీసాకు ఆ ధ్యాసే లేదు. ఏడాది పిల్లకు చలిజ్వరం. ఇంట్లో గుడ్డలన్నీ వానకు తడిసి ఉన్నాయి. పిల్ల వణుకుతుంటే మనసాగక, మెట్లెక్కి పైగది అద్దాలకు కట్టిన మందపాటి తెర విప్పుకొచ్చింది. పగలు ఆ తెర ఎందుకు కడతారో ఆమెకు తెలుసు. దీపం చుట్టూ ఉన్న గాజుబిళ్లలు ఎండనంతా ఒక్కచోటికి చేర్చి నిప్పు పుట్టిస్తాయని మీరా పెళ్లయిన కొత్తలోనే చెప్పాడు. అయినా మబ్బుగానే ఉంది కదా, పిల్ల వెచ్చబడగానే కట్టేద్దామనుకుంది. పిల్ల ఒళ్లో నిద్రపోయింది. ఎండ కాయడం చూసి కూడా, కదిలితే లేస్తుందని ఇంకొంచెంసేపు కూర్చుంది.

కాలిన వాసనకు పరిగెత్తేసరికి పుస్తకం బొగ్గయింది.

ఇంజనీరు ఆ మసిని వేలితో కదిపి చూసి నొచ్చుకున్నాడు. కిందికొచ్చి మీరా ఇంటి వరండాలో కూర్చున్నాక, లోపల పిల్ల మీద తెర కంటబడినా, దాన్ని కట్టడం తానే మరిచిపోయానని మీరా చెప్పుకున్నాడు.

"పోనీ, అందులో ఏముందో చెప్పగలిగేవాళ్లున్నారా? చెబితే రాసుకుంటాను," అన్నాడు ఇంజనీరు.

మీరాకు తెలుగు చదవడం రాదు. తలుపు వైపు తిరిగి చూశాడు.

తలుపు వెనక ఫక్రున్నీసాకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాలుగో తరగతితో బడి మాన్పించాక ఆమెకు దొరికిన పుస్తకం అదొక్కటే. కడుపుతో ఉన్నన్నాళ్లూ మీరా ఎదుటే అదే చదివింది. ఏ ఉప్పెన ఏ ఏడాదో పాఠంలా అప్పజెప్పగలదు. కానీ ఒక్క తేదీ తప్పినా మొగుడి మాట పోతుందేమో, నోరు విప్పితే తెర సంగతీ బయటపడుతుందేమో. గడప దాటలేదు.

"ఎవరూ లేరండీ," అన్నాడు మీరా.

ఎండాకాలానికి లైటుహౌసు ఇటుకలన్నీ బళ్లకెక్కాయి. మీరా తెర మాట ఎన్నడూ ఎత్తలేదు. ఇనుప స్తంభానికి మొదటిసారి దీపం పెట్టి వచ్చిన సాయంత్రం మాత్రం, చెప్పులు విడుస్తూ అన్నాడు.

"ఆ రోజు నువ్వు వరండాలోకి వస్తావనుకున్నా."

ఆమె పిల్లకు అన్నం కలుపుతూనే ఉండిపోయింది.