నాలుగు వాషర్లు

పొద్దుటి నుంచి అది ఏడో బండి. సైలెన్సరు చల్లారేదాకా ఆగే తీరిక లేక మేస్త్రి ముంజేయి కాల్చుకున్నాడు. కాలినచోట కాస్త గ్రీజు పూసుకుని మళ్ళీ వంగాడు. మధ్యాహ్నం రెండు కావస్తోంది. నెత్తిమీద రేకులు మాడిపోతున్నాయి. పొద్దున తెచ్చుకున్న క్యారేజీ మూత తీయకుండా పనిబల్ల మీదే ఉంది.

షెడ్డులో ఇంకో ఇద్దరు మెకానిక్కులున్నారు. ఒంటిగంటకే గోడవారన కూచుని తినేశారు. మేస్త్రిని పిలవలేదు. ఎప్పుడూ పిలవరు. అతను ఓనరు మనిషని వాళ్ళ నమ్మకం. ఆ మాటలో అబద్ధం లేదు కనక మేస్త్రి కూడా ఏనాడూ కాదనలేదు.

"మేస్త్రీ, క్లచ్ కేసొచ్చింది చూడు" అని ఓనరు అద్దాల గదిలోంచి కేకేశాడు.

ఈ షెడ్డులో క్లచ్ జబ్బుతో ఏ బండి వచ్చినా మందు ఒక్కటే. గేరు పడటం లేదన్నా, న్యూట్రల్ దొరకడం లేదన్నా, రేజు చేస్తే అరుపే తప్ప లాగుడు లేదన్నా, మొత్తం సెట్టు మార్చాల్సిందే. నిజానికి పదింటిలో ఏడు బండ్లకి లివర్ దగ్గర కేబుల్ సరిచేస్తే చాలు. అయిదు నిమిషాల పని. అయిదు నిమిషాలకి ఎంతని అడుగుతాడు పాపం ఓనరు? అందుకని పనిబల్ల కింద ఒక బిస్కెట్ల డబ్బా ఉంచాడు. అందులో ఎప్పుడో ఎవరి బండిలోంచో తీసిన, నిజంగానే మాడి బొగ్గయిన ప్లేట్లున్నాయి. వచ్చిన ప్రతివాడికీ వాటినే తీసి, "ఇవిగో సార్ మీవి, ఇంకో రెండ్రోజులుంటే ఇంజనే పోయేది" అని చూపించాలి. చూపించే పని మేస్త్రిది. అతని మొహం చూస్తే ఎవరికీ అనుమానం రాదని ఓనరు మొదట్లోనే కనిపెట్టాడు. నెలకి పదిహేను వేల జీతం, ఆ మొహానికి ఇంకో రెండు వేలు.

తొమ్మిదేళ్ళుగా ఆ డబ్బా మూత తీస్తూనే ఉన్నాడు.

వచ్చిన బండి పార్సిళ్ళాయనది. మేస్త్రి చూడగానే గుర్తుపట్టాడు, ఎందుకంటే ఆయన కోసం ఎదురుచూసేవాడు ఈ షెడ్డులో అతనొక్కడే. యాభై దాటిన మనిషి. వీపున పెద్ద సంచీ, వెనక సీటుకి కట్టిన పెట్టె. రోజూ నాలుగింటికి ఈ వీధిలో పంచాల్సినవి పంచేసి, షెడ్డు ముందు బండాపి, "తిన్నావా తమ్ముడూ?" అని అడిగి, ఎదురు బంకులోంచి రెండు టీలు తెచ్చేవాడు. మేస్త్రిని ఆ మాట అడిగే మనుషులు లోకంలో ఇద్దరే. రెండోది పెళ్ళాం. ఆవిడ దూరాన ఇంకో పట్నంలో, మంచాన పడ్డ ఒక ముసలామెకి సేవ చేస్తూ ఆ ఇంట్లోనే ఉంటుంది. ఆదివారం పది నిమిషాలు ఫోను. "తిన్నావా, నిద్రపోయావా, పెట్టేస్తున్నా, ఆవిడ పిలుస్తోంది." అంతే కాపురం. గదికెళితే మాట్లాడే దిక్కు లేదు. ఒకరోజు తాళం తీస్తూ "వచ్చాను" అని తనే పైకి అనుకుని, సిగ్గుపడి, పక్క గదివాళ్ళు విన్నారేమోనని చూశాడు.

ఆ పార్సిళ్ళాయన మూడు వారాలుగా రావడం లేదు.

"ఏమైపోయావన్నా? రూటు మార్చారా?" అని అడిగాడు మేస్త్రి.

"రూటు కాదు తమ్ముడూ, నా రాతే మారింది" అంటూ ఆయన బండి దిగాడు. కుడి మోకాలికి గుడ్డ కట్టి ఉంది. "మూడు వారాల కిందట సిగ్నలు దగ్గర పడ్డాను. గేరులో ఉంది, క్లచ్ పట్టే ఉన్నాననుకున్నా. బండి ముందుకి దూకేసింది. ముందున్న ఆటో వెనకాల పోయి గుద్దాను."

"బండి తెచ్చావుగా, చూద్దాంలే."

"బండిదేం లేదయ్యా. రెండు నెల్ల కిందటేగా నువ్వు కొత్త సెట్టేసింది. నీ చేత్తో వేసినదానికి వంక పెడితే కళ్ళు పోతాయి." ఆయన ఎడమచెయ్యి పైకెత్తి చూపించాడు. వేళ్ళు కొద్దిగా లోపలికి వంగి, వాచి ఉన్నాయి. "ఆడలేక మద్దెల ఓడు అంటారు చూడు, నాది తిరగేసింది. మద్దెల బాగానే ఉంది, చెయ్యే ఓడు. ఈ రెండు వేళ్ళూ మొద్దుబారిపోయాయి. చొక్కా గుండీలు మీ వదిన పెడుతోంది. పెళ్ళైన కొత్తలో కూడా పెట్టి ఎరగదు."

ఆయన నవ్వాడు. మేస్త్రి కూడా నవ్వబోయాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెలన్నర దాటింది. మొదట మణికట్టు లాగేది. సరే వయసు అనుకున్నా. ఇప్పుడు లివర్ సగం దాకా లాగేసరికి చెయ్యి చచ్చుబడుతోంది. పూర్తిగా పట్టలేకపోతే గేరెక్కడ పడుతుంది? గరగరమంటుంది. న్యూట్రల్ అయితే దేవుడే కనబడాలి. డాక్టరేమో నరం నలిగింది, మూణ్ణెల్లు చేతికి పని చెప్పొద్దన్నాడు. మూణ్ణెల్లు ఇంట్లో కూచుంటే మూతికి కూడా పని ఉండదని చెప్పొచ్చాను." ఆయన గొంతు తగ్గించాడు. "రేపు పొద్దున తొమ్మిదింటికి సూపర్‌వైజరు ముందు బండి నడిపి చూపించాలి తమ్ముడూ. ఆటోవాడు కంపెనీకి ఫోన్ చేశాడు. గేరు ఒక్కసారి తడబడినా గుర్తింపు కార్డు లాగేసుకుని ఇంటికి పంపుతారు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి, చెయ్యి బాగాలేనివాడికి సరిపోయేట్టు దాన్ని కాస్త మెత్తగా చెయ్యి. ఒక్క రేపు గడిస్తే చాలు."

మేస్త్రి బండి మీద కూచుని క్లచ్ లివర్ నొక్కాడు.

ముప్ఫై ఏళ్ళుగా పానాలు తిప్పిన చెయ్యి అది. ఆ చేతికే బరువనిపించింది. వదిలి మళ్ళీ నొక్కాడు. కేబుల్ తుప్పు పట్టి బరువైతే లోపల ఎక్కడో రాసుకున్నట్టు తెలుస్తుంది. ఇది అలా లేదు. మొదటి నుంచి చివరిదాకా ఒకే మొండితనం. అది ఎక్కడిదో మేస్త్రి చేతికి ముందు తెలిసింది, తర్వాత అతనికి తెలిసింది.

రెండు నెలల కిందట ఈ బండి గేరు గట్టిగా పడుతోందని వచ్చింది. కేబుల్ వదులైంది, అంతే. కాని ఓనరు చెప్పినట్టే కవరు విప్పాడు, డబ్బా చూపించాడు, రెండు వేల ఎనిమిది వందలు రాయించాడు. బాగున్న ప్లేట్లు తీసి కడిగి అరలో పెట్టాడు, ఇంకొకరికి కొత్తవని వెయ్యడానికి. వాటి బదులు ఎవరి బండివో అరిగిన ప్లేట్లు ఇందులో వేశాడు. అరిగినవి జారతాయి కదా. జారకుండా ఉండటానికి ఒక్కో స్ప్రింగు కింద ఒక్కో వాషరు వేసి బిగించాడు. స్ప్రింగు గట్టిపడితే అరిగిన ప్లేటు కూడా పట్టుకుని కూచుంటుంది. లివర్ బరువవుతుంది, అయితే ఏం? కొత్త సెట్టు కదా, కొన్నాళ్ళు అలాగే ఉంటుంది అని చెబితే సరి. ఈ కిటుకు షెడ్డులో కనిపెట్టింది మేస్త్రే. ఓనరు ఆ రోజు భుజం తట్టాడు కూడా.

"రోజుకి ఎన్నిసార్లు నొక్కుతావన్నా దీన్ని?" అని అడిగాడు. మేస్త్రి లివర్ మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఒకసారి లెక్కపెట్టాలే, సిగ్నళ్ళ దగ్గర పొద్దుపోక. రెండు వేలు దాటింది. ఎనభై పార్సిళ్ళు, ప్రతి గుమ్మం దగ్గరా ఆగడం, ఎక్కడం. ఎందుకూ?"

"ఊరికే."

అద్దాల తలుపు తోసుకుని ఓనరు వచ్చాడు. పార్సిళ్ళాయన్ని చూసి నమస్కారం పెట్టి, మేస్త్రిని పక్కకి పిలిచాడు.

"ఏం చెప్పావు?"

"ఇంకా ఏం చెప్పలేదు."

"మళ్ళీ సెట్టే అని చెప్పు. ఈసారి రెండున్నర వేలకి చేద్దాం, పాతవాడు. ప్లేట్లు మాడ్చుకున్నాడు, నడపడం రాదని గట్టిగా చెప్పు. లేకపోతే వారంటీ అంటాడు."

మేస్త్రి తలూపాడు. తొమ్మిదేళ్ళుగా ఊపుతున్న తల అది, దానంతటదే ఊగింది.

బండిని నీడలోకి జరిపి, ఇంజనాయిల్ వంచి, కుడివైపు కవరు బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. పార్సిళ్ళాయన పక్కనే స్టూలు వేసుకుని కూచున్నాడు. విప్పినంతసేపూ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. ఈ మూడు వారాలూ టీ తాగినప్పుడల్లా నువ్వే గుర్తొచ్చావన్నాడు. పడ్డ రోజు ఆస్పత్రిలో, ఎవరికైనా ఫోన్ చెయ్యాలా అని అడిగితే, ఇంటావిడ కంగారుపడుతుందని నీ నంబరు ఇద్దామనుకున్నానన్నాడు. తీరా చూస్తే నంబరే లేదు. ఇన్నేళ్ళ స్నేహంలో నంబరు అడగలేదేమిటా అని నవ్వొచ్చిందట.

మేస్త్రి చివరి బోల్టు విప్పాడు. ఒక మనిషి ఆస్పత్రి బల్ల మీద పడుకుని తనని తలుచుకున్నాడని వినడం అతనికి జీవితంలో అదే మొదటిసారి. ఆ సంతోషం పూర్తిగా గుండెకి చేరనే లేదు, చేతిలోకి కవరు ఊడి వచ్చింది.

"ఇంకా తినలేదా నువ్వు? ఆ క్యారేజీ అలాగే ఉందే" అని ఆయన లేచాడు. "ఉండు, టీ అయినా పట్టుకొస్తా."

ఆయన కుంటుకుంటూ వీధి దాటాడు. మేస్త్రి ఒక్కో స్ప్రింగు బోల్టు విప్పాడు. నాలుగు స్ప్రింగులు. వాటి కింద నాలుగు వాషర్లు, నూనెలో తడిసి తళతళలాడుతూ, తను పెట్టినచోటే ఉన్నాయి. నాలుగూ కలిపి చిల్లర డబ్బుల ఖరీదు చెయ్యవు.

వాటిని మళ్ళీ పెట్టేసి, ఏం లేదన్నా నీ చెయ్యే అనొచ్చు. ఆయన నమ్ముతాడు, అసలు ముందే నమ్మి వచ్చాడు. లేదా చడీచప్పుడు లేకుండా వాషర్లు తీసేసి, అరలోంచి కొత్త ప్లేట్లు వేసి, లివర్ మెత్తగా చేసి పంపొచ్చు. ఆయన దండం పెడతాడు. రేపు నాలుగింటికి మళ్ళీ టీ తెస్తాడు. కాని ఆ మనిషి తన చెయ్యి వయసుతో చచ్చిందనే నమ్మకంతోనే మిగిలిన బతుకంతా బతుకుతాడు. చెబితే మాత్రం, తిన్నావా అని అడిగేవాళ్ళు ఇద్దరి నుంచి ఒకరికి తగ్గుతారు. ఆ ఒక్కరు కూడా ఆదివారం నాడే. మేస్త్రి భయపడింది ఉద్యోగానికి కాదు, దీనికి.

పార్సిళ్ళాయన రెండు గ్లాసులూ కుడిచేతి వేళ్ళ మధ్యే ఇరికించుకుని వచ్చాడు. అదే సమయానికి ఓనరు కూడా వచ్చాడు. మేస్త్రికి శ్రమ ఎందుకని బల్ల కింది బిస్కెట్ల డబ్బా తనే తెచ్చాడు.

"ఏం మేస్త్రీ, మాడిపోయాయా? చూపించు పెద్దాయనకి" అని డబ్బా చాచాడు.

మేస్త్రి చెయ్యి చాచలేదు.

"తీసుకో."

"చూపించను."

ఓనరు ఒక నిమిషం అర్థంకానట్టు చూశాడు. "ఎండ దెబ్బ తగిలిందా ఏంటి?"

"అవి ఈయనవి కావు. ఎవరివీ కావు" అన్నాడు మేస్త్రి. మూలనున్న మెకానిక్కులిద్దరి చేతుల్లో పని ఆగింది.

"ఏంటి తమ్ముడూ? ఏమైంది?" అని పార్సిళ్ళాయన గ్లాసులు కింద పెట్టాడు.

మేస్త్రి నాలుగు వాషర్లూ గుడ్డతో తుడిచి, ఆయన ఎడమచేతిలో పెట్టాడు. "తప్పు నీ చేతిది కాదన్నా. లివర్ బరువు వీటివల్ల. కొత్తవని చెప్పి అరిగినవి వేశాను, జారకుండా వీటిని పెట్టాను. నీ బండికి అప్పుడు సెట్టు అక్కర్లేనే లేదు. నేనే చేశాను."

పార్సిళ్ళాయన అరచేతి వంక చూసుకున్నాడు. గుప్పిట మూయబోయాడు. వేళ్ళు సగం వంగి ఆగాయి, వాటి సందుల్లోంచి వాషర్లు ఒక్కొక్కటే జారి సిమెంటు నేల మీద పడ్డాయి. ఒకటి గుండ్రంగా తిరిగి తిరిగి టీ గ్లాసుకి తగిలి పడిపోయింది.

ఓనరు ఏదో అన్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు, వేసే ప్రతి ముక్కా జీతంలో కోస్తానన్నాడు, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి పెట్టుకున్నానన్నాడు. తర్వాత గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. మెకానిక్కులిద్దరూ తల వంచుకుని మళ్ళీ పనిలో పడ్డారు. ఒకడు మటుకు మేస్త్రికి కావలసిన కొత్త ప్లేట్ల పెట్టె అరలోంచి తీసి, మాట్లాడకుండా పక్కన పెట్టి వెళ్ళాడు.

మేస్త్రి ప్లేట్లు వేశాడు, వాషర్లు లేకుండా స్ప్రింగులు బిగించాడు, కవరు మూశాడు, నూనె పోశాడు. కేబుల్‌కి ఉండాల్సినంత వదులు ఉంచాడు. ముప్పావుగంట పట్టింది. అంతసేపూ పార్సిళ్ళాయన స్టూలు దూరంగా జరుపుకుని, వీధి వైపు తిరిగి కూచున్నాడు. టీలు మీగడ కట్టాయి.

మేస్త్రి రెండు వేళ్ళతో లివర్ నొక్కి చూశాడు. వెన్నలా వచ్చింది.

"ఒకసారి చూడన్నా" అన్నాడు.

ఆయన లేచి వచ్చి బండి మీద కూచున్నాడు. ఎడమచెయ్యి లివర్ మీద పెట్టాడు. వేళ్ళన్నీ ఒక్కొక్కటిగా దాని చుట్టూ సర్దుకుని, నొక్కాడు. లివర్ సగం దాకా వచ్చింది. అక్కడ ఆగి వణికింది. ఆయన పళ్ళు బిగించి ఇంకా లాగాడు. రాలేదు.

ఎండలో వీధి ఖాళీగా ఉంది. ఆయన లివర్ వదిలేసి, ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. షెడ్డు ముందు వరసగా నిలబెట్టి ఉన్న బండ్ల వైపు చాలాసేపు చూశాడు.

"ఇలా ఇంకా ఎంతమందికి పెట్టావు మేస్త్రీ?" అని అడిగాడు.